పలనాటి చరిత్రమున పౌరసత్వ విచారము

పౌరనీతిని బోధించు గ్రంథములు సామాన్యముగా మూడు ప్రశ్నలతో నారంభమగును. ఒక రాజ్యమున సభ్యు లెవరు? వెలుపలినుండి వచ్చినవాడు ఏ నిబంధనలకు లోబడి యందు సభ్యుడగును? ఆ సభ్యులపై నధికారమును ఎవరు, ఏ రూపమున వహింతురు? అమెరికా సంయుక్త రాష్ట్రముల పౌరనీతి గ్రంథములలో పౌరసత్వము, వలస, ప్రభుత్వ రూపములు అను ప్రకరణములు ఈ మూడు ప్రశ్నలకును ప్రత్యుత్తరములే. మన పాఠ్యగ్రంథములును చాలవరకు ఆ మార్గమునే యనుసరించినవి. అందుచే నీ ప్రశ్నలు పాశ్చాత్యులకే తోచినవనియు, మన మధ్యయుగమున రాజు, ప్రజ యను రెండు మాటలు తప్ప వేరు విచారము లేదనియు ననుకొనుట పరిపాటి యైనది.

ఈ యభిప్రాయము పునర్విమర్శింపదగినదని మా తలంపు. పండ్రెండవ శతాబ్దపు పలనాటిలో నీ మూడు ప్రశ్నలును పుట్టినవి. మొదటి రెండింటికి నాటివారు సాహసోపేతములైన సమాధానములు చెప్పిరి. మూడవ దానికి సమాధానము కుదురక కార్యమపూడి రణరంగమున నశించిరి. ఈ విషయమును విశదీకరించుటయు, దానిని అమెరికా చరిత్రముతో నొకింత పోల్చిచూచుటయు నీ వ్యాసమునకు ప్రయోజనములు.

పద విచారము

ముందుగా మాటలను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. 'పౌరుడు' అనగా పురమునందు వసించువాడు. లాటిను భాషలోని 'కీవిస్' అను పదముగూడ నగరసభ్యత్వమునే మొదట బోధించెను. కాని సంస్కృత వాఙ్మయమున పౌరునకు జోడుగా జానపదుడున్నాడు. 'పౌరజానపదులు' అని యుభయులను కలిపి చెప్పుట గలదు. 'ప్రజ' యను మాటకు సంతానమని మొదటి యర్థము. పాలకుడు తండ్రి, పాలితులు బిడ్డలు అను భావ మందు గర్భితమై యున్నది. తండ్రిని బిడ్డలెన్నుకొనరు, తొలగింపను లేరు. అయినను మధ్యయుగ శాసనములలో 'అష్టాదశ ప్రజ' యని గ్రామమునందలి వివిధ వృత్తులవారిని సమష్టిగా పేర్కొనుట కానవచ్చును. అచట 'ప్రజ' కేవలము పాలితుల గుంపు గాక, దానములకు సాక్షియై నిలువగల యొక సమూహము.

'వలస' యను తెలుగు మాట మరింత గమనింపదగినది. నేడు బ్రతుకు తెరువునకై దేశాంతరమేగుటకును దీనినే వాడుచున్నాము. బ్రౌను నిఘంటువు దీనికి శత్రుసైన్య భయముచే ఊరు విడిచి పోవుట యను నర్థము నిచ్చినది. అనగా తెలుగువాని యనుభవమున వలస మొదట ఆపద, తరువాతనే అవకాశము. ఈ రెండర్థములును పలనాటి కథలో నెదురగును.

ఆధారములు

పలనాటి వీరుల కథకు ముఖ్యాధారములు కావ్యములు, గేయ సంప్రదాయము. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రము మంజరీ ద్విపదలో నున్నది. దీనిని అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పరిష్కరించి ప్రకటించిరి. కర్తృత్వమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. శ్రీనాథునిదే యనుకొన్నను అది యుద్ధమునకు రెండు శతాబ్దులకు పైగా తరువాతి రచన. వీరవిద్యావంతులు పాడు కథ వేరొక ధార. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమును ఆధారము చేసికొని అమెరికా పండితుడు జీన్ రోఘేర్ రచించిన గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డునుండి వెలువడినది.

కావున మేమిచట కథలోని ప్రతి సంఘటనను చరిత్రముగా గ్రహించుట లేదు. యుద్ధము పండ్రెండవ శతాబ్దపు ఉత్తరార్ధమున, 1182 ప్రాంతమున జరిగెనని చరిత్రకారులు సామాన్యముగా నంగీకరింతురు. వివరములు సంప్రదాయమునకు చెందినవి. కాని యొక దేశపు జనులు రాజ్యమును గూర్చి, సభ్యత్వమును గూర్చి యేమి తలచిరో తెలిసికొనుటకు శతాబ్దులతరబడి వారు విడువక పాడుకొన్న కథకంటె గొప్ప సాక్ష్యముండదు.

వలసవచ్చిన పాలకులు

పలనాటి రాజ్యము వలసవచ్చినవాని రాజ్యము. అనుగురాజు హైహయ వంశీయుడు; మధ్యదేశమునుండి పాపపరిహారార్థమై తీర్థయాత్ర చేయుచు దక్షిణమునకు వచ్చినవాడని కథ. చందవోలు రాజధానిగా నేలిన వెలనాటి చోడుల యాడుబడుచు మైలమదేవిని వివాహమాడి, పలనాటిని అరణముగా గైకొని, గురిజాలను రాజధానిగా జేసికొనెను. ఆతని మంత్రి దొడ్డనాయుడు. దొడ్డనాయుని కుమారుడు బ్రహ్మనాయుడు.

ఇందులో రెండంశములు విచారణీయములు. పరదేశి యగుట రాజగుటకు అడ్డము కాలేదు. వివాహ సంబంధమే యాతనికి ప్రవేశపత్రమైనది. ఇది మొదటిది. రెండవది, భూమితో పాటు భూమిమీది జనులును అరణముగా సంక్రమించిరి. వారి సమ్మతి నెవరైన నడిగినట్లు కథ చెప్పదు. పాలకుని హక్కు బంధుత్వమునుండి వచ్చినది. పాలితుల బాధ్యత వాస్తవ్యమునుండి వచ్చినది. ఈ యసమానతయే తరువాతి కథకు బీజమని మా యభిప్రాయము.

నాయకురాలు నాగమ్మయు వలసవచ్చినదే. నేటి కరీంనగరు ప్రాంతమునందలి ఆరవెల్లినుండి తండ్రితో వచ్చి పలనాటి జిట్టగామాలపాడున స్థిరపడినదని చెప్పుదురు. బాల్యముననే వితంతువైన యామె, రాజు తన యాతిథ్యమునకు సంతసించి యిచ్చిన వరమును కాలము చూచి వినియోగించుకొని, ఏడు గడియల మంత్రిత్వముతో నారంభించి, రాజ్యమునే శాసించు స్థితికి వచ్చెను. వీరకథ బ్రహ్మనాయుని పక్షపు కథ గనుక నాగమ్మను కుటిలగా చిత్రించినది. పక్షపాతము నావలనుంచి చూచినచో, పరప్రాంతమునుండి వచ్చిన యొక స్త్రీ, రాజవంశముతో చుట్టరికము లేకయే, బుద్ధిబలముచే మహామంత్రిత్వము నందుట సామాన్య విషయము గాదు. పలనాడు నాడెంత తెరచిన వాకిలియో దీనివలన తెలియును.

చాపకూడు

వచ్చినవారిని చేర్చుకొనుట యొక యెత్తు. ఉన్నవారినందరిని సమానముగా నెంచుట మరియొక యెత్తు. బ్రహ్మనాయుని చాపకూడు ఈ రెండవ ప్రశ్నకు ప్రత్యుత్తరము. భిన్నకులములవారు ఒకే చాపపై గూర్చుండి సహపంక్తి భోజనము చేయుటను సంఘసంస్కరణముగా విమర్శకులు ప్రశంసించియున్నారు. అది సత్యమే. కాని రాజనీతి దృష్టితో చూచినచో నిది సంస్కరణము మాత్రమే కాదు, సభ్యత్వ నిర్ణయము.

చాపపై కూర్చున్నవారు ఆయుధము పట్టిరి. మాలకులమున జన్మించిన కన్నమదాసు బ్రహ్మనాయునిచే పుత్రునిగా నాదరింపబడి సేనానాయకుడయ్యెను. బాలచంద్రుని వెంట రణమునకు నడచిన తమ్ములు భిన్నకులములవారు. అనగా పలనాట సభ్యత్వమునకు లక్షణములు మూడు: కలిసి తినుట, కలిసి ఆయుధము పట్టుట, కలిసి మరణించుట. జన్మము వీనిలో లేదు. ఆధునిక ధర్మశాస్త్రము జన్మస్థలమును బట్టియు, తల్లిదండ్రుల రక్తమును బట్టియు, స్వీకారమును బట్టియు పౌరసత్వము కలుగునని మూడు మార్గములు చెప్పుచున్నది. చాపకూడు మూడవ జాతికి చెందినది. ప్రతిజ్ఞచే, ఆచరణముచే సిద్ధించు సభ్యత్వము.

ఇట నొక విశేషము. బ్రహ్మనాయుని పక్షము కులమును, నాగమ్మను మంత్రిణిగా నంగీకరించిన నలగామరాజు పక్షము స్త్రీత్వమును సభ్యత్వమునకు నడ్డముగా నెంచలేదు. ఉభయపక్షములును ఒక్కొక్క గోడను కూల్చినవి. రెండు గోడలును ఒకే పక్షమున కూలియున్నచో చరిత్ర మెట్లుండెడిదో యూహింపదగినదే కాని నిర్ణయింపదగినది కాదు.

చాపకూటికి పరిమితులును గలవు. అది బ్రహ్మనాయుని వ్యక్తిత్వమును, మాచెర్ల చెన్నకేశవుని యందలి భక్తిని ఆశ్రయించి నిలిచినది. ఏ శాసనమును దానిని హక్కుగా ప్రకటింపలేదు. నాయకుడున్నంతకాలము చాప పరువబడును. నాయకుడు లేనినాడు దానిని పరచుమని యడుగుటకు ఎవరికిని అధికారము లేదు.

ప్రభుత్వ రూపము

ఇంత విశాలమైన సభ్యత్వము గల నాటిలో ప్రభుత్వ రూపమెట్టిది? ఒక రాజు, ఆతని విశ్వాసమును బట్టి నిలుచు మంత్రి. అంతే. మంత్రిని నియమించుటకు రాజానుగ్రహము తప్ప వేరు పద్ధతి లేదు, తొలగించుటకును లేదు. అనుగురాజు అనంతరము మైలమదేవి కుమారుడగు నలగామునకును, సవతి తమ్ములగు మలిదేవాదులకును గల హక్కులేవియో నిర్ణయించు నియమమును లేదు.

వివాదము పుట్టినపుడు పలనాటివారు మూడుపాయములు ప్రయోగించిరి. మొదటిది పంపకము. రాజ్యము రెండై, నలగాముడు గురిజాలలోను, మలిదేవుడు బ్రహ్మనాయుని యండతో మాచెర్లలోను పాలించిరి. రెండవది పందెము. కోడిపోరులో నోడిన మాచెర్ల పక్షము ఏడేండ్లు నాడు విడిచి వలసపోయెను. ఇచట 'వలస' తన ప్రాచీనార్థమున, ఆపదగా, తిరిగివచ్చుచున్నది. మాచెర్లను పాలించినవారు, చాపపై గూర్చున్నవారు, నొక పక్షి ఓటమిచే పరదేశులైరి. మూడవది రాయబారము. గడువు ముగిసిన తరువాత రాజ్యభాగము నడుగ నేగిన అలరాజు నలగామునకు స్వయముగా అల్లుడు. ఆతడు చర్లగుడిపాడున విషప్రయోగముచే మరణించెనని కథ. దానితో నాగులేటి యొడ్డున యుద్ధ మనివార్య మయ్యెను.

ఈ మూడుపాయములు విఫలములగుటకు కారణమొక్కటే. ఉభయపక్షములను కట్టడిచేయగల మూడవ యధికారము లేదు. పంపకమును రక్షించు న్యాయస్థానము లేదు; పందెము న్యాయముగా జరిగెనా యని విచారించు సభ లేదు; రాయబారి ప్రాణమునకు హామీయిచ్చు ధర్మము వ్రాతలో లేదు. అందరును తమ మాట నిలుపుకొనవలెనను వీరధర్మ మొక్కటే యుండెను. ఒకడు మాట తప్పినపుడు వీరధర్మమునకు తెలిసిన పరిష్కారము కత్తి మాత్రమే.

యుద్ధానంతరము బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలము ప్రవేశించెనని సంప్రదాయము చెప్పును. చాపకూటిని నిలిపినవాడు గుహలోని కేగెను. అది హక్కుగా నిలువలేదు. యుద్ధముచే నాంధ్రతీరమున వెలనాటివారి శక్తి సన్నగిల్లి, కొలది దశాబ్దములలో కాకతీయుల ప్రాబల్యమునకు మార్గమేర్పడెను.

అమెరికా చరిత్రముతో పోలిక

ఇప్పుడు సముద్రమునకావలి దేశమును చూతము. అమెరికనులు 1787లో రాజ్యాంగమును వ్రాసికొని 1789లో నమలు పరచిరి. అధ్యక్షుడు, శాసనసభలు, న్యాయస్థానము అను మూడంగములు ఒకదానినొకటి యడ్డగించునట్లు, మూడవ యధికారము లేకుండ నెవరును నిరంకుశులు కాకుండునట్లు రూపకల్పన చేసిరి. పలనాటికి లేనిది వారికి మొదటనే లభించినది.

కాని పలనాటికున్నది వారికి లేదు. 1790 నాటి పౌరసత్వ స్వీకార శాసనము స్వతంత్రులైన శ్వేతజాతీయులకు మాత్రమే ద్వారము తెరచినది. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యెమున ఆఫ్రికా సంతతివారు పౌరులు కారని యత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. రూపమెంత సుందరమైనను, సభ్యత్వ ప్రశ్న పరిష్కారము కానందున 1861 మొదలు 1865 వరకు నా దేశము అంతర్యుద్ధమున రక్తము చిందించినది. ఆ యుద్ధ ఫలముగా 1868లో వచ్చిన పదునాలుగవ సవరణము, ఆ దేశమున జన్మించి దాని యధికారమునకు లోబడినవారును, స్వీకారము పొందినవారును పౌరులేయని ప్రకటించెను.

అటుపిమ్మటను వాకిలి యందరికి తెరువబడలేదు. 1882లో చీనా కార్మికులను, 1917లో భారతదేశముతో సహా ఆసియాలోని యధిక భాగమును నిషేధించిరి. 1923 ఫిబ్రవరిలో, అమెరికా సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుడు శ్వేతజాతీయుడు కాడని న్యాయస్థానము నిర్ణయించి పౌరసత్వము నిరాకరించెను. ఆయుధము పట్టినవానికి చాపపై చోటు దొరకలేదు. ఆ కాలముననే యెల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. భారతీయులకు పౌరసత్వ స్వీకార మనుమతించు శాసనము 1946లో వచ్చినది. ఏడాదికి నూరుగురకు మాత్రమే వలస ప్రవేశము. లోకమునకు మహోపకారము చేసిన యా తెలుగు శాస్త్రజ్ఞుడు పౌరుడు కాకయే 1948లో నచటనే మరణించెను. జాతిని బట్టి ప్రవేశ సంఖ్యలను నిర్ణయించు పద్ధతి 1965లో గాని తొలగలేదు.

కావున నీ రెండు చరిత్రములు పరస్పరము దర్పణములు. పలనాట సభ్యత్వము విశాలము, ప్రభుత్వ రూపము సంకుచితము. అమెరికాలో ప్రభుత్వ రూపము పటిష్ఠము, సభ్యత్వము సంకుచితము. ఒకచోట రూపము లేక యుద్ధము. మరియొకచోట సభ్యత్వము లేక యుద్ధము. కాలము, పరిమాణము, సంస్కృతి భిన్నములైనను ఈ పోలిక నిరర్థకము కాదని మా విశ్వాసము.

అభయ శాసనము, పుల్లరి

తెలుగునాట వ్రాతమూలకమైన ధర్మము బొత్తిగా లేదని తలపరాదు. పలనాటి యుద్ధమునకు సుమారు అరువదియేండ్ల తరువాత, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున నభయ శాసనము వేయించెను. తుపానున చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు హరించెడివారు. తానట్లు చేయక, ముప్పదింట నొక వంతు సుంకము మాత్రమే గైకొందునని పరదేశి వర్తకులకు మాట యిచ్చెను. ఆ మాట రాతిపై చెక్కబడినది గనుక నడుగుట కాధారమున్నది. అయితే ఈ శాసనము పరదేశికి రక్షణ నిచ్చినదే కాని సభ్యత్వము నీయలేదు. చాపకూడు సభ్యత్వమిచ్చి శాసనమీయలేదు. మోటుపల్లి శాసనమిచ్చి సభ్యత్వమీయలేదు. రెండును కలిసిన చోటనే యాధునిక పౌరసత్వము పుట్టును.

ఆ కలయికకై పలనాడు మరల పోరాడవలసి వచ్చెను. ఆంగ్లపాలనమున నడవులు ప్రభుత్వ రక్షణ క్రిందికి పోగా, పశువులను మేపుకొనుటకు పుల్లరి యను పన్ను విధింపబడెను. తరతరములుగా నా యడవులంచున బ్రతికినవారికి ఆ పన్నును నిర్ణయించుటలో పాలు లేదు. 1920 నాటి శాసనసభా యెన్నికలలో నోటుహక్కు ఆస్తిపరులగు కొలదిమందికే యుండెను. 1921లో మాచెర్ల, వెల్దుర్తి ప్రాంతముల రైతులు పుల్లరి చెల్లింపక పశువులను అడవిలోనికి తోలిరి. అధికారులకు బియ్యము, పాలు, చాకలి, మంగలి సేవలు నిరాకరించిరి. విచారణకై వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచార్యులు కారాగారమున కంపబడిరి. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రభుత్వ బలగముల కాల్పులలో మరణించెను.

ఈ యుద్యమమున నొక గమనింపదగిన విషయమున్నది. చాపకూడు అన్నము పెట్టి మనిషిని తనవానిగా జేసికొన్నది. 1921 నాటి పలనాటివారు అన్నము నిరాకరించి, తమ సమ్మతి లేని యధికారి తమవాడు కాడని చాటిరి. సాధనమొక్కటియే, ప్రయోగము విలోమము. బ్రహ్మనాయుని కాలమున నడుగబడని ప్రశ్న, పాలితుల సమ్మతి యేది యను ప్రశ్న, ఇచట స్పష్టముగా నడుగబడినది.

ఉపసంహారము

భారత రాజ్యాంగమున నొక విశేషమును ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపదగును. పౌరులెవరో నిర్ణయించు 5 నుండి 9 వరకు గల యధికరణములు 1949 నవంబరు 26ననే యమలులోనికి వచ్చినవి. ప్రభుత్వ రూపమును నిర్ణయించు భాగములలో నధికాంశమును, అస్పృశ్యతను నిషేధించు 17వ యధికరణమును, వయోజనులందరకు నోటుహక్కు నిచ్చు 326వ యధికరణమును 1950 జనవరి 26న వచ్చినవి. ముందు సభ్యులెవరో చెప్పి, పిదప వారి ప్రభుత్వ మెట్లుండవలెనో చెప్పినట్లయినది. చాపయు, శాసనమును ఒకే గ్రంథమున కెక్కినవి.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు జిల్లా యేర్పడినది. కారెంపూడిలో ప్రతి కార్తికమాసాంతమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో నైదు దినములు వీరారాధనము జరుగుచున్నది. మందపోరునాడు చాపకూడును జరుగును. విఫలమైన రాయబారమును, అన్యాయపు పందెమును, కలిసి తిన్న కూటిని జనులొకే వరుసలో స్మరించుచున్నారు. వారు వీరులను పూజించుచున్నారే కాని యుద్ధమును కోరుట లేదు. ఏది నిలుపవలెనో, ఏది లేక చెడితిమో యేటేట నెమరువేసికొనుచున్నారని మేము భావింతుము.

పలనాటి చరిత్రమును సోదర వైరముగా, మహాభారతమునకు ప్రతిబింబముగా పెక్కుమంది వివరించియున్నారు. దానిని సభ్యత్వ, ప్రభుత్వ ప్రశ్నల చరిత్రముగా పఠించుటకు నవకాశమున్నదని సూచించుట వరకే మా యుద్దేశము. ద్విపద పాఠములను, గేయ పాఠములను ఈ దృష్టితో సరిపోల్చి, వలస, నాడు, ప్రజ, కూడు అను మాటల ప్రయోగములను పరిశీలించుట యువ పరిశోధకులు చేపట్టదగిన కార్యము. పౌరనీతిని బోధించు ఉపాధ్యాయులు ఫిలడెల్ఫియా పేరు చెప్పునపుడు మాచెర్ల పేరును చెప్పినచో, విద్యార్థికి పౌరసత్వము పరదేశపు పాఠముగా గాక, తన యూరి యనుభవముగా తోచును. సుధీజనులు విచారింతురు గాక.